పాతకారులో ఓము పంతులు

సాయంకాలమునకు ఊరు చేరవలసిన కారు దారిలో చీకటి పడగానే గ్రుడ్డిదగును. ఇంజను నడుచుచునే యుండును, చక్రములు తిరుగుచునే యుండును. ముందరి దీపములు మాత్రము ఆముదపు దీపములవలె ఎఱ్ఱబారి, నాలుగు గజములకు మించి దారి చూపవు. మరునాడు యజమాని బల్బులు మార్పించును. వెలుగు రాదు. బ్యాటరీ మార్పించును. రెండు దినములు నయమైనట్లే తోచి మరల మందగించును. డైనమో విప్పించి తీగ చుట్టించును. వేలకొలది రూపాయలు వ్యయమైన పిదప అనుభవశాలియైన మిస్త్రీ యొకడు వచ్చి, దీపముల ఎర్తు తీగలను కారు దేహమునకు బిగించిన చిన్న మరను విప్పి, దాని క్రింది తుప్పును గోకి, మరల బిగించును. దీపములు భళ్ళున వెలుగును. ఈ కథ ఏ ఒక్కరిదియు కాదు. పాత కారు నుంచుకొన్న ప్రతి యింటను ఏదో యొకనాడు జరుగునదే. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని పెద్దలన్న మాట ఇట్టి చోట్లనే జ్ఞప్తికి వచ్చును.

ఇందులో నష్టము ధనమొక్కటియే కాదు. లోపమెచ్చట నున్నదో తెలియక విసిగిన యజమాని, ఇంకను ఇరువదియేండ్లు నడువగల బండిని పాత యినుము క్రింద అమ్మివేయును. తెలియని చేయి తప్పుగా కలిపిన తీగ వేడెక్కి బండినే దహింపవచ్చును. అన్నిటికంటె విచారింపదగిన దొకటి కలదు. ఆ యింటనే పదవ తరగతి చదువు బాలుడుండును. వోల్టేజికిని, ప్రవాహమునకును, నిరోధమునకును గల సంబంధమును పరీక్షలో తప్పులేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొని యుండును. ఆ సూత్రమే తన యింటి ముంగిట దీపము మసకబారి నిలిచియున్నదని వానికి తోచదు.

బోధపడు యంత్రము

ఇచ్చట పాతకారు అనగా భారతదేశపు రోడ్లపై దీర్ఘకాలము నడచిన అంబాసిడరు, పద్మినీ వంటి బండ్లు. అంబాసిడరు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారునకు భారతీయ రూపము. కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో 1950ల చివర ప్రారంభమైన దాని నిర్మాణము 2014లో ఆగిపోయెను. పద్మినీ ఇటలీ దేశపు ఫియట్ 1100 వంశమునకు చెందినది. వీటి కొత్తబండ్లు ఇక రావు. ఉన్నవానిని కాపాడుకొనవలసినదే.

నేటి కార్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె లనేకములుండును. వాని లోపము కనుగొనుటకు ప్రత్యేక పరికరములు కావలెను. పాత కార్లలో అట్టివి లేవు. బ్యాటరీ, డైనమో, దాని కటౌటు పెట్టె, సెల్ఫు, ఇగ్నిషను కాయిలు, డిస్ట్రిబ్యూటరు, దీపములు, హారను, వీనిని కలుపు తీగలు: ఇంతే సరంజామా. ప్రతి తీగను కంటితో చూడవచ్చును, వ్రేలితో తాకవచ్చును. ఓపికయు, కొంత సైన్సును ఉన్నచో ఇంటి చూరు క్రిందనే ఇందలి లోపములను పెక్కింటిని సవరింపవచ్చును.

బడిపంతులు కనుగొన్న సూత్రము

ఈ సైన్సునకు మూలపురుషుడు ఒక బడిపంతులగుట ఉపాధ్యాయులకు సంతోషము గూర్చు విషయము. జార్జి సైమన్ ఓము జర్మనీలోని ఎర్లాంగెను పట్టణమున 1789లో తాళములు చేయు పనివాని కుమారుడుగా జన్మించెను. 1817 మొదలు కొలోను నగరపు పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించెను. ఆ బడి ప్రయోగశాలయే ఆయన పరిశోధనాలయము. చేతిపని తండ్రివద్ద నేర్చినవాడు కావున కావలసిన పరికరములను తానే చేసికొనెను. తీగల పొడవును, మందమును మార్చి మార్చి ప్రవాహమును కొలిచి, తన సిద్ధాంతమును 1827లో గ్రంథముగా ప్రకటించెను. తీగలో పారు ప్రవాహము దానిని నెట్టు వోల్టేజి హెచ్చినకొలది హెచ్చును, అడ్డగించు నిరోధము హెచ్చినకొలది తగ్గును. చెప్పుటకు ఇంత సులభమైన మాటను నాటి జర్మను పండితులు చాలకాలము ఆదరింపలేదు. 1841లో లండనులోని రాయల్ సొసైటీ కాప్లీ పతకము నిచ్చి గౌరవించెను. స్వదేశమున మ్యూనికు విశ్వవిద్యాలయపు ఆచార్యపదవి 1852లో, మరణమునకు రెండేండ్ల ముందు మాత్రమే లభించెను.

పాతకారు విద్యుత్తు సమస్తమును ఈ పంతులుగారి సూత్రముననుసరించియే నడచును. దానిని మరచినవాడు విడిభాగములు కొనుచుండును. ఎఱిగినవాడు లోపమును వెదకును.

పోవు దారి, వచ్చు దారి

విద్యుత్ప్రవాహమునకు పోవుదారి యెంత ముఖ్యమో తిరిగివచ్చు దారియు అంత ముఖ్యము. ఇంటి దీపమునకు రెండు తీగలు కనబడును. కారు దీపమునకు తరచుగా ఒకటియే కనబడును. రెండవ తీగ యేది? కారు దేహమే రెండవ తీగ. బ్యాటరీ ధ్రువములలో నొకదానిని మందమైన పట్టీతో ఇనుప దేహమునకు కలిపివేయుదురు. దీపమునుండి వెలువడిన ప్రవాహము ఆ యినుము గుండ నడచి బ్యాటరీని చేరును. దీనినే మిస్త్రీలు ఎర్తు అందురు. పేరు అదియైనను దీనికి నేలతో సంబంధము లేదు. కారు రబ్బరు చక్రములపై నిలిచి యున్నది గదా.

రాగి తీగ లాభమైనది. కాని ఇనుమునకు తుప్పు శత్రువు. వర్షపు నీరు, బురద, సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి, ఇవన్నియు చేరి మర క్రింద తుప్పు పొరను పెంచును. కొందరు బండికి క్రొత్తగా రంగు వేయించునప్పుడు ఎర్తు మరల క్రిందను రంగు పోయింతురు. తుప్పును, రంగును విద్యుత్తును సరిగా పోనీయవు. పాతకారులో దీపములు మందగించుట, హారను బొంగురుపోవుట, సెల్ఫు నీరసముగా తిరుగుట మొదలగువానిలో చాల భాగము ఈ తిరుగుదారి లోపములే. దీపముల బ్రేకు నొక్కగానే ప్రక్క సూచికదీపము కూడ మసకగా వెలుగుట వంటి వింతలకును కారణమిదియే. తన దారి మూసికొనిపోగా ప్రవాహము పొరుగు దీపము గుండ దారి చేసికొనును.

అర ఓము చేయు అపకారము

లెక్క వేసి చూచిన విషయము స్పష్టమగును. 12 వోల్టుల 45 వాట్ల దీపము 3.75 ఆంపియర్ల ప్రవాహము తీసికొనును. అనగా వెలుగుచున్నప్పుడు దాని నిరోధము 3.2 ఓములు. ఎర్తు మర క్రింది తుప్పు అర ఓము నిరోధము కల్పించినదనుకొనుడు. అప్పుడు మొత్తము 3.7 ఓములు, ప్రవాహము సుమారు 3.24 ఆంపియర్లు, దీపమునకు దక్కునది 10.4 వోల్టులు మాత్రమే. మిగిలిన 1.6 వోల్టులు తుప్పును వేడిచేయుటకే వ్యయమగును. వోల్టేజి తగ్గినది ఎనిమిదవ వంతునకు కొంచెము పైగా. కాని తంతువు వెలుగు వోల్టేజికంటె చాల వేగముగా పడిపోవును. కాంతిలో సుమారు 40 శాతము నష్టమగును. బల్బు మంచిదే, బ్యాటరీ మంచిదే, డైనమో మంచిదే. చెడినది మర క్రింది అర అంగుళము చోటు.

సెల్ఫు మోటారు విషయమున ఇంకను స్వల్ప నిరోధము చాలును. ఇంజనును త్రిప్పునపుడది 200 ఆంపియర్ల వరకును, అంతకు మించియు లాగును. బ్యాటరీ కొనకు పట్టిన చిలుము ఓములో నూరవవంతు అడ్డుపడినను 2 వోల్టులు అచ్చటనే పోవును. 400 వాట్ల వేడి ఆ కొనయొద్ద పుట్టును. కావుననే సెల్ఫు మొండికేసినపుడు బ్యాటరీ కొనలను చేతితో తాకిచూచి, వెచ్చగా నున్న కొనను విప్పి శుభ్రము చేయుట పాత మిస్త్రీల అలవాటు. ఉప్పుకాగితముతో గాని తీగకుంచెతో గాని మెఱయునట్లు రుద్ది, బిగించి, పైన వాజిలీను పూసిన చిలుము త్వరగా పట్టదు.

దీపముతో వెదకుట

లోపమును వెదకుటకు విలువైన పరికరములు అక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బు, దాని హోల్డరు, రెండు పొడవైన తీగలు, ఒక తీగకు పట్టు, రెండవదానికి సూదికొన ఉన్నచో పరీక్షదీపము సిద్ధము. పట్టును శుభ్రమైన ఎర్తునకు తగిలించి సూదికొనతో తీగ కలియు చోట్ల తాకుచు పోవలెను. దీపము వెలిగిన చోటివరకు విద్యుత్తు వచ్చినట్లు. వెలుగని చోటికి ముందే త్రెగినట్లు.

వెదకుట యందును ఒక యుక్తి కలదు. బ్యాటరీనుండి వెనుక దీపమువరకు తీగ పదునారు చోట్ల కలియుచున్నదనుకొనుడు. మొదటినుండి ఒక్కొక్కటియే చూచుకొనుచు పోనక్కరలేదు. నడుమ తాకిచూడవలెను. అచ్చట వెలిగినచో లోపము వెనుక సగమున నున్నది. వెలుగనిచో ముందు సగమున. ఆ సగమును మరల సగము చేయవలెను. నాలుగు పరీక్షలతో చోటు తెలియును. ఇది గణితము నేర్పు పద్ధతి. అక్షరములు రాని మిస్త్రీలు అనుభవముచే నేర్చినదియు ఇదియే. విజయవాడ ఆటోనగరులో చేతిలో చిన్నదీపము పట్టుకొని బానెట్టులోనికి వంగియున్న పనివాడు చేయుచున్నది తర్కశాస్త్రపు పనియే.

అయితే పరీక్షదీపమును పూర్తిగా నమ్మరాదు. 5 వాట్ల బల్బు లాగునది 0.42 ఆంపియరు. అర ఓము తుప్పు గుండ అంత ప్రవాహము పోయినను నష్టమగునది 0.2 వోల్టు మాత్రమే. కావున పరీక్షదీపము చక్కగా వెలిగి, తీగ మంచిదని బొంకును. వోల్టుమీటరు లాగు ప్రవాహము ఇంకను స్వల్పము. విప్పియుంచిన తీగ కొనయందది పూర్తి 12 వోల్టులు చూపి మరింత మోసగించును. అందుచేత బరువు మోపియే పరీక్షింపవలెను. దీపమును వెలిగించి యుంచి, వోల్టుమీటరు కొన నొకదానిని బల్బు ఎర్తు అంచునకు, రెండవదానిని బ్యాటరీ ఎర్తు కొనకు తాకింపవలెను. మంచి దారియైనచో ముల్లు దాదాపు కదలదు. అర వోల్టునకు మించి చూపినచో ఆ దారిలో ఎచ్చటనో తుప్పు దాగియున్నది. ఈ పరీక్ష యొక్కటి తెలిసిన యింట బల్బులు, బ్యాటరీలు వృథాగా మార్చుట యుండదు.

తీగల రంగులు కూడ సాయపడును. ఇంగ్లీషు కార్లలో లూకాస్ పద్ధతి యొకటి కలదు. గోధుమరంగు తీగ బ్యాటరీనుండి ఫ్యూజు లేకయే వచ్చును. తెలుపు ఇగ్నిషను స్విచ్చి నుండి వచ్చునది. ఆకుపచ్చ ఆ స్విచ్చి తరువాత ఫ్యూజు దాటినది. ఊదారంగు తాళముతో సంబంధము లేక ఫ్యూజు గుండ వచ్చునది. నీలము ముందరి పెద్ద దీపములకు, ఎఱుపు ప్రక్క, వెనుక దీపములకు, నలుపు ఎర్తు. కాని పాతబండిలో ఎందరెందరో చేతికందిన తీగను వేసియుందురు. రంగును సూచనగా గ్రహించి, నిజమును పరీక్షవలననే తేల్చుకొనవలెను.

ఫ్యూజు చెప్పు మాట

ఫ్యూజు పోవుట లోపము కాదు, లోపమున్నదని చెప్పుట. పోయిన ఫ్యూజునకు మారుగా సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టుట, మందమైన రాగితీగ వేయుట పెక్కుమంది చేయు పొరపాటు. కావలివానిని చంపి తలుపు తెరచి యుంచుట వంటిదది. తీగ తొడుగు ఒరిసి ఇనుమును తాకినచో ప్రవాహమునకు అడ్డు చాల తగ్గును. ఓము సూత్రము ననుసరించి ప్రవాహము అపారమగును. అప్పుడు ఫ్యూజు కరుగనిచో తీగయే కరుగును. దాని ప్రక్కనే పెట్రోలు గొట్టముండును.

పాత లూకాస్ గాజు ఫ్యూజులయందు మరియొక చిక్కు కలదు. వానిపై 35 అని యున్నచో, అది 35 ఆంపియర్లకు కరిగిపోవునని అర్థము; ఎడతెగక మోయగలిగినది అందులో సగము మాత్రమే. నేటి ఫ్యూజులపై అంకె ఎడతెగక మోయగల ప్రవాహమును తెలుపును. అంకె ఒకటియే గదా యని నేటి 35 ఆంపియర్ల ఫ్యూజును పాత పెట్టెలో నుంచినచో రక్షణ సగము పోయినట్లే.

వెలుగు చాలలేదని 100 వాట్ల బల్బులు పెట్టుటయు ప్రమాదమే. రెండు బల్బులు కలిసి 16 ఆంపియర్లకు పైగా లాగును. పాత డైనమో పుట్టించు శక్తి అధికపక్షము 22 ఆంపియర్ల దరిదాపున. ఏబదియేండ్ల నాటి స్విచ్చి అంత భారమును మోయలేక వేడెక్కి కరుగును. ఉన్న బల్బులకే పూర్తి వోల్టేజి అందునట్లు తీగలను, ఎర్తులను శుభ్రము చేసినచో చాలవరకు కొరత తీరును. ఇంకను కావలెనన్నచో రిలే అను మీట నమర్చి, పెద్ద ప్రవాహమును మందమైన వేరు తీగ గుండ, తగిన ఫ్యూజుతో బ్యాటరీనుండి దీపమునకు పంపవలెను. అప్పుడు పాత స్విచ్చి రిలేకు సైగ మాత్రమే చేయును.

ఎఱ్ఱదీపము ఆరుటలోని రహస్యము

మీటర్ల పలకపై ఎఱ్ఱదీపమొకటి యుండును. తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను వేగమందుకొనగానే ఆరును. దీని ఒక కొన ఇగ్నిషను స్విచ్చి ద్వారా బ్యాటరీకి, రెండవ కొన డైనమోకు కలిసియుండును. డైనమో నిలిచియున్నప్పుడు బ్యాటరీనుండి ప్రవాహము దీపము గుండ డైనమో వైపు పోవును, దీపము వెలుగును. డైనమో తిరిగి బ్యాటరీతో సమానమైన వోల్టేజి నందుకొన్నపుడు రెండు కొనలును సమానమగును. ఎత్తులు సమానమైన రెండు చెరువుల నడుమ కాలువ పారనట్లే దీపములో ప్రవాహము ఆగును. విద్యుత్తు లేకపోవుటచే గాక, రెండువైపుల సమానముగా నుండుటచే దీపము ఆరినది. తరగతిలో ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ఈ దీపము మినుకుమనుట డైనమో బండ్లలో సహజము. వేగము హెచ్చినను ఆరనిచో మొదట బెల్టును చూడవలెను. అది వదులైయున్నచో బిగించిన చాలును. తరువాత డైనమో లోని బొగ్గు బ్రష్షులు అరిగినవేమో పరిశీలింపవలెను. కటౌటు పెట్టెలోని మరలను త్రిప్పుట అన్నిటికంటె చివరి పని. తెలియక త్రిప్పినచో బ్యాటరీ ఉడికిపోవును. ఆరోగ్యముగా నున్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దరిదాపున చూపును. సరిగా చార్జి అగునపుడు 14 వోల్టుల సమీపమున నుండును. ఈ రెండంకెలు తెలిసిన యెడల సగము వైద్యము తెలిసినట్లే.

రాత్రి నిలిపిన బండి కొన్నాళ్ళకు ప్రాణము లేక పడియున్నచో ఎచ్చటనో దొంగ ప్రవాహము కలదు. 60 ఆంపియర్ గంటల బ్యాటరీనుండి అర ఆంపియరు కారిపోవుచున్నచో ఐదు దినములలో అది పూర్తిగా వట్టిపోవును. అన్ని స్విచ్చులు మూసి, తలుపులు వేసి, బ్యాటరీ ఎర్తు పట్టీ విప్పి, పట్టీకిని ధ్రువమునకును నడుమ పరీక్షదీపమును కలుపవలెను. దీపము వెలిగినచో దొంగ యున్నట్లు. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు, ఏది తీసిన దీపము ఆరునో చూడవలెను. చాలమారులు ఆ దొంగ మూత పడినను ఆరని డిక్కీ దీపమే.

చేతులు భద్రము

పని ప్రారంభింపకముందు ఉంగరములు, గడియారము తీసివేయవలెను. బ్యాటరీ విప్పునపుడు ఎర్తు కొనను మొదట విప్పి, బిగించునపుడు చివర బిగింపవలెను. ఎర్తు విప్పిన పిదప పానా రెండవ ధ్రువమును, దేహమును ఒక్కసారి తాకినను దారి పూర్తికాదు కావున నిప్పు లేవదు. చార్జి అగు బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. అగ్గిపుల్ల దరికి రాకూడదు. అందలి ఆమ్లము కన్నులకు ప్రమాదకరము. కాయిలునుండి ప్లగ్గులకు పోవు తీగలో వేలకొలది వోల్టులుండును. ఇంజను నడుచుచుండగా దానిని చేత తాకరాదు. 1960ల నాటి ఇంగ్లీషు కార్లలో పెక్కింటికి ధనధ్రువమే ఎర్తు. బ్యాటరీని త్రిప్పి బిగింపకముందు పాత పద్ధతి యేదో చూచుకొనవలెను.

ఇంటిలో చేయదగినది ఎంతయో, మిస్త్రీకి విడువవలసినది ఎంతయో ఎఱుగుటయు తెలివియే. డైనమో చుట్టు త్రెగినను, మొత్తము వైరింగు కాలినను నేర్పరియైన పనివానినే ఆశ్రయింపవలెను. కాని లోపమెచ్చట నున్నదో తెలిసి వచ్చిన యజమానితో ఆ పనివాడు మాటలాడు తీరు వేరుగా నుండును.

కారు లేని బడిలోను ఈ పాఠము చెప్పవచ్చును. ఒక పాత బ్యాటరీ, ఒక కారు బల్బు, తుప్పుపట్టిన మర యొకటి, శుభ్రమైన మర యొకటి చాలును. మొదట శుభ్రమైన మర గుండ దీపము వెలిగించి, తరువాత తుప్పుమర గుండ వెలిగింపవలెను. వెలుగులో తేడాను పిల్లలు కన్నులార చూతురు. పిదప తుప్పుమరను ఒక బాలుని చేతికిచ్చి, ఉప్పుకాగితముతో రుద్ది తెమ్మని చెప్పవలెను. తరగతి ఎదుట ఆ దీపము మరల తెల్లగా వెలిగిననాడు, కొలోను నగరపు పంతులుగారి సూత్రము వానికి కంఠస్థము చేయవలసిన అవసరముండదు.